సెగ

మొదట తేడా పట్టింది నా చెవే.
జాతర మూడోనాడు, తాతయ్యగుంట సందులో,
పలక భుజానికేసుకుని వంగినాను.
లోపల రెండు దెబ్బల నడుమ
ఇంకో దెబ్బ పడింది,
తడిసిన తోలు మీద పడినట్టు, మెత్తగా.
ఆ తర్వాత నేల.

"ఎండదెబ్బ మునిచెంగయ్యా" అన్నారు సావాసగాళ్ళు.
నిమ్మకాయ నీళ్ళు తాపినారు.
పండుకుంటే బాగుండేది,
లేచి కూచుంటే కళ్ళు చీకట్లు.
ఏ తోలైనా చేత్తో తడిమి చెప్పేవాణ్ణి
ఏ గొడ్డుదో, ఏ ఎండకు ఆరిందో.
నా తోలు కింద ఏముండాదో నాకు తెలీలేదు.

తిరపతి ఆస్పత్రిలో చల్లటి జిగురు పూసి
రొమ్ము మీద మిషను గుండు దొర్లించినారు.
తెర మీద చూపించింది మెహరున్నీసా డాక్టరమ్మ:
ఎడమ పైగదిలో, గోడకు కాడతో అంటుకుని
తాటిముంజ మాదిరిది ఒకటి
గుండె తెరుచుకున్నప్పుడల్లా వాకిట్లోకి జారి
మళ్ళీ లోపలికి పోతా ఉండింది.
"గడ్డ. కేన్సరు కాదు.
అయినా వాకిలి మూసిందంటే మనిషి దక్కడు."
నాకు నవ్వొచ్చింది.
యాభై ఏడేండ్లుగా దేవుళ్ళ వాకిళ్ళ బయటే
నిలబడి కొట్టినోణ్ణి.
నా వాకిట్లో ఎవరో అడ్డం నిలబడినారు.

"కాడతో పాటు గోడ కూడా కొంత కొయ్యాల,
లేకుంటే మళ్ళీ మొలుస్తుంది.
కోసినంత మేర అతుకు వెయ్యాల."
"దేంతోనమ్మా?"
ఆమె తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి,
"ఎద్దు గుండె చుట్టూ ఉండే పొరతో.
మీకేమైనా పట్టింపు ఉంటే చెప్పండి."

పట్టింపు.
ఈ తోలు మోసినందుకే
మా తాతను బావిగట్టు తాకనియ్యలేదు.
మా నాయన చేతుల్లో తంగేడు చెక్క వాసన
ఏ సబ్బుకూ పోలేదు.
ఆ వాసనకే బడిలో నన్ను గోడవార కూచోబెట్టినారు.
ఇప్పుడు దాన్నే గాజుబుడ్డిలో పెట్టి
పచ్చగుడ్డలేసుకున్నోళ్ళు
రెండు చేతులా ఎత్తుకొస్తారంట.

నేనడిగింది ఒకటే.
"ఎట్ల పదును పెట్టినారమ్మా? సున్నమా, తంగేడా?"
ఏదో మందు పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు.
"దాంట్లో నానేస్తే కుళ్ళదు, చివకదు."
"అయితే మీదీ మా పనే."
మాస్కు లోపల నవ్వింది. కళ్ళు చిన్నవైనాయి.

"దారం?"
"నీలం రంగుది. వెంట్రుకంత సన్నం. కరగదు."
"కుట్టుకూ కుట్టుకూ ఎడమెంత?"
రెండు వేళ్ళు దగ్గరికి తెచ్చి చూపించింది,
బియ్యపు గింజలో సగం.
సరే అన్నాను.
వేలిముద్రకు సిరా డబ్బీ తెచ్చిన నర్సును
పెన్ను అడిగినాను.

ఆ తర్వాతది నేను చూడలేదు.
రక్తం మిషను నడిపే పిల్లోడు, పుత్తూరోడు, చెప్పినాడు:
గుండెను చల్లార్చి నిలిపినారంట.
నలభై నిమిషాలు అది ఎవరి గుండే కాదు.
గిన్నెలో పడినాక కూడా ఆ గడ్డ
కాసేపు వణుకుతానే ఉండిందంట.
అతుకు పరిచి, చుట్టూ కుట్టి,
రక్తాన్ని కొంచెం కొంచెంగా కాచినారంట.
"వెచ్చబెడితేనే మొదలవుతుంది పెద్దాయనా."
అది నాకు చెప్తావంట్రా నువ్వు?
వరిగడ్డి మంట మీద పలక కాచకుండా
ఏ జాతర లేచింది?
చల్లటి తోలు పలకదు.
ముందు దారి తప్పిన దెబ్బలేవో పడినాయంట,
ఒకసారి కరెంటు తాకించినారంట,
ఆనెక వరస అందుకుందంట.

రొమ్ము ఎముకకు తీగ చుట్టి ఉండారు.
మూడు నెలలు పలక ఎత్తగూడదు.
మంచం కమ్మీ మీద వేళ్ళాడిస్తే
పక్క మంచం మదనపల్లె ఆయన విసుక్కుంటాడు.
ఈ పొద్దు రౌండ్సుకొచ్చి డాక్టరమ్మ
తన గొట్టాలు తీసి నా చెవుల్లో పెట్టింది.
విన్నాను.
కళ్ళు మూసుకుని, చానాసేపు.
రెండే దెబ్బలు. నడుమ తడి లేదు.
"ఎట్లుంది?" అనింది.
"బాగుండాది గానీ
అంచు దగ్గర రవ్వంత వదులు.
ఇంకొంచెం సెగ చూపించాల."