ఇరవై ఏడో మూత

రేసుకు ముందు పదకొండు రాత్రులు
నేను రోడ్డు మీద బోర్లా పడుకున్నాను.
లీలామహల్ సర్కిల్ నుంచి నంది సర్కిల్ దాకా,
మళ్ళీ ఇంకో దారిలో వెనక్కి,
డ్రైనేజీ మూతలు నలభై ఒకటి.
అన్నిటికీ అతుకు వేయాల.

ఇనప మూత, ఇద్దరు పడితేగానీ లేవదు,
దానికి వెల్డింగెందుకు సార్ అంటే
ఇంజనీరు అరచెయ్యి బోర్లించి చూపించినాడు.
కారు ఇంత కిందుగా పోతాదంట,
పోతా పోతా అడుగు గాలినంతా జుర్రేస్తాదంట,
అప్పుడు మూత
పొంగే పాల మీద మూకుడు మాదిరి లేస్తాదంట.
వెనకొచ్చే కారుకు అదే యముడు.

సరే అన్నాను.
కాలవల గంగులప్ప మాత్రం సరే అనలేదు.
ముప్పై ఏండ్లుగా ఆ మూతలెత్తి దిగిన మనిషి.
నేను రాడ్డు వెలిగించే ముందు ప్రతి మూత కాడా గొంతుక్కూర్చోని
గడపార మొనతో రెండుసార్లు తట్టేవాడు,
లోపలెవరన్నా ఉంటే పలకమన్నట్టు.
"ఇది పదారు. ఎండాకాలం ఆవిరి పట్టి ఉంటాది.
ఇది ఇరవై ఏడు. చెవిటిది, తట్టినా పలకదు.
అంచు అరిగింది, జాగర్త."

ఆదివారం.
ఈ ఏడు తొలి రేసు మన తిరప్పతిలోనే అని మైకులు.
వీధికి రెండు పక్కలా పచ్చగుడ్డ కట్టేసినారు.
టిక్కెట్టు వెల విని గంగులప్ప
"నాలుగు నెలలు దిగాల" అన్నాడు.
మేము గుడ్డకివతల, ఇడ్లీ బండి పక్కన,
ఇరవై ఏడుకు ఎదురుగా కూర్చున్నాము.

పొద్దున ఒక కారును తోసుకపోతా ఉంటే చూసినా, అంతే.
మడ్‌గార్డు లేదు, తలుపు లేదు,
నాలుగు చక్రాలూ బయటికి,
గోచీ పెట్టిన పైల్వాను మాదిరి.
టైర్ల మీద ఒక్క గీత లేదు.
"కొండకు పోయొచ్చినట్టుండాయే" అనింది ఇడ్లీల నాగభూషణమ్మ.
గుండు టైరుకు ఫైను రాసే ఊళ్ళో
గుండు టైరే ముందు పోతాదంట.

ఆ తర్వాత చూసిందేమీ లేదు. విన్నదే.
యాడనో కోరా చీర చించినట్టు మోత.
చట్నీ గిన్నెలో గరిటె దానంతటదే వణికింది.
టంగు.
టంగు టంగు.
ఇరవై కార్లు, ఇరవై టంగులు.
చెవిటిది పలికింది.
గంగులప్ప నా మోకాలి మీద చెయ్యేసినాడు, తియ్యలేదు.

మైకులో ఎవరి పేర్లో వస్తా ఉండాయి, జనం అరస్తా ఉండారు.
నాకు పేర్లు తెలియవు.
ఏడోవాడు ఎప్పుడూ ఎడమంచు తొక్కేవాడు.
కడగా వచ్చేవాడు మూత కాడ ఒక్క పిసరు తడబడేవాడు,
కొత్త పిల్లోడేమో.

పద్నాలుగో చుట్టులో టంగు పోయి
టొక్కు అనింది.
బీటిచ్చిన కుండ మాట.
నేను చూసేసరికి గంగులప్ప లేచి ఉండాడు.

గుడ్డ సందులోంచి అరిచినాము.
నారింజ చొక్కా వేసుకున్న కాలేజీ పిల్లోడు, చెవుల్లో దూది.
వాడికి మా నోళ్ళు కదిలేదే తెలుస్తా ఉంది.
గంగులప్ప రెండు అరచేతులూ బోర్లించి
మెల్లిగా పైకి లేపినాడు.
పిల్లోడు మమ్మల్ని వదిలి రోడ్డును చూసినాడు.
వైర్లెస్సు నోటి కాడికి పోయింది.

ఎర్రజెండా.
ఊరు ఎంత నిశ్శబ్దమైందంటే
కొండ మీద బస్సు గేరు మార్చింది వినబడింది.

ఏడు నిమిషాలిచ్చినారు.
ఆయన మోకాళ్ళతో మూతను అదిమినాడు,
నేను అంచు చుట్టూ అతికినాను.
రవ్వలు ఆయన చొక్కా మీద పడినాయి. కదల్లేదు.
"లోపలెవరూ లేరు కదన్నా?" అన్నాను, ఎగతాళికే.
"ఒకప్పుడుండినారు" అన్నాడు.

రాత్రి పన్నెండు.
తెల్లారేలోపల అన్నీ మళ్ళీ కొయ్యాల,
లేకపోతే వీధి మురిగిపోతాది.
రోడ్డంతా రబ్బరు ఉండలు, మిరియాలు ఒలికినట్టు.
మా పాప ఫోన్ చేసి ఎవరు గెలిచినారు నాయనా అంటాది.
తెలీదు తల్లీ, పొద్దున పేపర్లో చూడు.

నలభై కోసినాను.
ఇరవై ఏడు మీద గంగులప్ప కూర్చోనుండాడు,
ఈ బీడీ అయిపోనీ అంటా.