రెండు పొలాలు తూర్పుకి

కోర్టు గుమాస్తాగా నేను రాసుకున్న వాంగ్మూలాల్లో
ఒక్కదానికే నకలు తీసి ఇంటికి తెచ్చుకున్నాను.

డ్రెంతెలో, నేలనే కోసి ఎండబెట్టి
పొయ్యిలో పెట్టుకునే ఊరు మాది.
తాత నిలబడ్డ చోటు మనవడికి కాలవ.
అలాంటి నేల మీద హద్దు తగాదా రాకుండా ఉంటుందా?

యాంతీన్ వుబ్స్ దావా వేసింది,
కాలిబాట తన చేలోంచి పోదని.
అవతలి వకీలు సాక్ష్యంగా తెచ్చింది
ఒక నవల.
పద్నాలుగో అధ్యాయంలో బాట అక్కడే ఉంది,
మలుపులో వంకర బిర్చి చెట్టుతో సహా.

రాసినామెను బోనులోకి పిలిచారు.
రూల్ఫీన్ హాడర్స్, డెబ్బై ఒకటి.
చెక్క చెప్పులు గుమ్మం బయట విడిచి
మేజోళ్ళతోనే నడిచొచ్చింది.

ఆమెను మేమెవరం పెద్దగా ప్రేమించలేదు.
పట్నంవాళ్ళు చదివి మా చలికీ మా సారాకీ ముచ్చటపడ్డారు గాని
మా పిన్ని ఆమె కనబడితే కిటికీ తెర లాగేసేది,
తన పెళ్ళినాటి మాటొకటి
మూడో పుస్తకంలో, అక్షరం పొల్లుపోకుండా
వేరొకతె నోట ఉందని.

ముప్పై ఏళ్ళు తపాలా కిటికీ వెనక కూర్చుంది.
స్టాంపులు అంటిస్తూ వింది, వింటూ దాచింది:
తడిమట్టికి మాకున్న పదకొండు పేర్లు,
గడ్డకట్టిన కాలవ మీద బండిచక్రం చేసే చప్పుడుకి
మా ముసలివాళ్ళతోనే పోవలసిన మాట.

"బాట ఎక్కడుంది?" అన్నాడు జడ్జి.
"నిజంలోనా?"
కోర్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"నిజంలో అది చర్చి వెనకనుంచి సూటిగా పోయేది.
నేనే రెండు పొలాలు తూర్పుకి జరిపాను.
హిలెకీన్ ఆ రాత్రి ఇల్లు విడిచి పోతోంది.
సూటి బాటయితే పావుగంటలో రోడ్డెక్కేస్తుంది.
మనసు మార్చుకోడానికి
ఆ పిల్లకి ఇంకాస్త దూరం కావాలనిపించింది."

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
ఆ తర్వాతి ప్రశ్న చట్టానికి అక్కర్లేనిది.
"మార్చుకుందా?"
"లేదండి. అయినా దూరం ఇవ్వాలి కదా."

యాంతీన్ గెలిచింది.
ఆ చలికాలమే రూల్ఫీన్ పోయింది. పెట్టె వెంట తొమ్మిది మందిమి,
మా పిన్నితో కలిపి.

మంచు కరిగాక, గెలిచిన యాంతీనే
కంచెలో మనిషి పట్టేంత సందు విడిచింది.
ఎందుకని నేనడగలేదు.
ఇప్పుడక్కడ గడ్డి అణిగి బాట పడింది.
సర్వే పటంలో లేదు.
బిర్చి చెట్టూ లేదు, ఎవరో కర్ర పాతారు.

ఉద్యోగానికి రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని
ఒకరోజు నేనూ అటే వెళ్ళాను.
రోడ్డెక్కేసరికి
ఇరవై ఆరు నిమిషాలు.