ఇతర వివరాలు

నేను సువామే మాగజైన్‌లో దిగేసరికి
హర్మటాన్ దుమ్ము మధ్యాహ్నాన్ని పాత గోనెలా కప్పేసింది.
మాగజైన్ అన్నది పేరుకే. చదవడానికేం ఉండదు.
కుమాసీ అంచున
వేల సుత్తులు ఒక్కసారే మాట్లాడే పేట అది.

నా చంకలో పదకొండు పేజీల ఫారం.
అక్రా ఆఫీసు పంపింది, అక్రాకి ఇంకో దేశం పంపింది.
డబ్బు వచ్చిన దారినే ప్రశ్నలూ వస్తాయి,
ప్రశ్నలు మాత్రం ఒక్కరోజూ ఆలస్యం కావు.

శిక్షణ కేంద్రం ఒక ఓడ కంటైనర్.
కిటికీ కోసం గోడను గ్యాస్‌తో కోశారు,
అంచు తగిలితే ఇంకా చెయ్యి గీసుకుంటుంది.
టాబ్లెట్లు పన్నెండు. వెలిగేవి తొమ్మిది.
మూడో వాయిదా రాలేదు, కరెంటు తీసేశారు.
రిపేరుకొచ్చిన ట్రోట్రో బ్యాటరీకి వైరు తగిలించి
చదువు నడుపుతున్నారు.
ఆ బండి వెనక ఎర్ర రంగులో: "తొందరెందుకు, తమ్ముడూ."

లబ్ధిదారులు? ముప్పై ఒక్కరు.
అందులో స్త్రీలు? నలుగురు.
ఒకామె పురిటికెళ్లింది, తన పేరు కొట్టేయొద్దని చెప్పి మరీ.

యావ్ డంక్వా మేస్త్రీ
స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి, పిడి చెవికి ఆనించి
కళ్లు మూసుకుంటాడు,
గోడ అవతలి తగువు వినే పొరుగువాడిలా.
"కొత్త కార్లు నోరు విప్పవు," అన్నాడు నాతో,
"అంకెలు చెప్తాయి. ఆ అంకెల కోసమే
అరవై ఏళ్లకి పలక పట్టాను."
ఆ పలక ఆయన వేళ్లను గుర్తుపట్టదు, అంత గ్రీజు.
పాఠం మొదలయ్యే ముందు అఫ్రకోమా
ఆయన చూపుడువేలిని తన చొక్కా అంచుతో తుడుస్తుంది,
లాంతరు చిమ్నీ తుడిచినట్టు.

ఈ అఫ్రకోమా ఇంకో పని కూడా చేస్తోంది,
సిలబస్‌లో లేనిది.
చెడిపోయి వచ్చిన ప్రతి ఇంజన్ చప్పుడూ రికార్డు చేసి
మేస్త్రీ దానికేం పేరు పెడితే ఆ పేరే రాస్తోంది.
నూనెలో అరటి ముక్క.
చర్చిలో ఆపుకున్న దగ్గు.
పళ్లులేని ముసలాడి వేరుశనగలు.
రెండొందల పద్నాలుగు చప్పుళ్లు.
నాకు వినిపించింది. నాకన్నీ ఒకేలా గురగురలాడాయి.
ఫారంలో వెతికాను.
చెవికి గడి లేదు.

వెళ్లేముందు మేస్త్రీ మా తెల్లబండి చుట్టూ ఒకసారి తిరిగి
"ఇది అక్రా చేరదు," అన్నాడు.
స్కానర్ పెట్టి చూశారు: లోపం ఏమీ లేదు.
నవ్వుకున్నాం. స్కానర్ కొన్నది మేమే కదా.

న్కాక్కా దాటగానే బండి ఆగింది.
చీకటి, కొండవాలు, టార్చి లేని డ్రైవరు.
ఫోన్ చేస్తే అఫ్రకోమా ఎత్తింది.
"స్టార్ట్ చెయ్యమనండి. ఫోన్ బానెట్ కింద పెట్టండి.
మీరు మాట్లాడకండి."
మాట్లాడలేదు.
అవతల ఇద్దరూ వింటున్నారు. ఆ వినడం నాకు వినిపించింది.
"నూట అరవయ్యోది," అందామె.
"కాదు, దాని చెల్లెలు," అన్నాడు మేస్త్రీ వెనకనుంచి.
ఎడమ వైపు, ఒక రబ్బరు గొట్టం, బొటనవేలంత చీలిక.
నా ఐడీకార్డు తాడుతో కట్టాం.

బండి కదిలాక
ఎంతివ్వాలని అడిగాను. తటపటాయించింది.
దూరం నుంచి విన్నదానికి ఎప్పుడూ ధర కట్టలేదట.
ఫోన్‌లోనే పంపాను.

పదకొండో పేజీ, చివరి ప్రశ్న:
శిక్షణ వల్ల డిజిటల్ మార్గంలో పెరిగిన ఆదాయం.
నలభై సెడీలు, అని రాశాను.
చెల్లించినవారు అన్నచోట
నా పేరు రాసి, కొట్టేసి,
మళ్లీ రాశాను.