మధ్యాహ్నపు వాటా

బట్టలుతికే పాత సావడి కప్పు మీద
వీధంతా కలిసి పరిచిన సోలార్ పలకలు.
ఎవులాలియాది ఎనిమిదింట ఒక వంతు.

అరగాన్ ఎండ రెండింటికల్లా
తలుపులన్నీ మూయిస్తుంది.
ఆవిడ పంకా కూడా ఆపేసి,
ఫ్రిజ్‌ను మాత్రం గొణగనిచ్చి
నడుం వాలుస్తుంది.

సరిగ్గా అప్పుడే
పక్కింటి ఫెర్మీన్ రంపం లేస్తుంది.
గోడ తగాదాకి పదకొండేళ్లు.
మాటల్లేవు.

నెలాఖరు చీటీలో చూసింది:
మీరు వాడనిది ముప్పై యూనిట్లు,
వెళ్లింది పన్నెండో నంబరుకి.
నా ఎండతోనా
నా కునుకు కోస్తున్నాడు!

సంఘం కాగితం అడిగింది:
ఇకపై మిగులు ఎవరికి?
కలం చాలాసేపు గాల్లోనే ఉంది.
పన్నెండుకే, అని రాసింది.
కింద, చిన్న అక్షరాల్లో:
నాలుగు దాటాక.

ఇవాళ నాలుగూ ఒక నిమిషానికి
రంపం ఒకసారి దగ్గి
మొదలుపెట్టింది.