ఆరో పట్టు

రస్ అల్ ఖైమాల సిమెంటు ఫ్యాక్టరీ వెనుక మైదానం.
పొద్దుగాల నాలుగున్నరకు నా పని,
సున్నం బండి తోసుకుంట గీతలు గీసుడు.
పది మీటర్లకొకటి, మళ్ల పది మీటర్లకొకటి.
వాకిట్ల ముగ్గు లెక్కనే,
కాకపోతే చుక్క ఉండదు, పువ్వు ఉండదు.

ఆయన పేరు వైసాకే. ఫిజీ మనిషి.
నా నోటికి వైశాఖం అని వచ్చింది, అదే నిలిచింది.
మా దిక్కు అది ఎండల నెల అని చెప్తే
ఇక్కడ అన్నీ అవే నెలలు గదా అన్నడు.
చిన్నప్పుడు ఆయన బడిల ఒక నాయుడు ఉండెనట,
తెలుగు ఒక్క ముక్క రాని నాయుడు.
వాళ్ల ముత్తాత ఓడెక్కి చెరుకు కొట్టవోయినోడు.
కాంట్రాక్టు కాయిదం మీద ఏలిముద్ర ఏసుడు
మాతోని మొదలైంది కాదన్నట్టు.

వైశాఖం పదకొండేండ్లు రగ్బీ లీగ్ ఆడిండు, జీతానికి.
సిడ్నీ పక్కన నాలుగు,
మిగిలినయి ఇంగ్లండు ఉత్తరాన వాన ఆగని ఊర్లల్ల.
ఇప్పుడు ఆఫీసర్ల పిల్లలకు పట్టుడు, పడుడు నేర్పుతడు.
చెవులు రెండూ గోబిపువ్వులు.
ఎడమ భుజంల స్క్రూలకు ఎయిర్‌పోర్టుల మిషిన్ కూస్తదట.
మొదటిసారి మోకాలు పోతే క్లబ్బు పండ్ల బుట్ట పంపింది.
రెండోసారి వకీలు కాయిదం.

ఆట సమజైతందుకు నాకు ఒక చలికాలం పట్టింది.
బంతిని ముందటికి ఇసరద్దు.
ఎంత ముందుకు ఉరికినా
చేతిలది వెనక్కే ఇయ్యాలె.
ఇది విన్నప్పుడు నాకు నవ్వు రాలే.
నెలకోపారి ఎక్స్‌ఛేంజి కిటికీ ముందట
నేను చేసేది గదే.

ఆరుసార్లు పట్టి పడేస్తరు.
పడ్డప్పుడల్ల లేచి, బంతిని కాలికింద వెనక్కి దొర్లించి, మళ్ల.
ఆరోసారి పడితే బంతి అవతలోళ్లది.

మరి నీ ఆటల? అని అడిగిండు.
మా దాంట్ల బంతే లేదు, ఊపిరే బంతి అన్న.
మెట్‌పల్లిల కూతకు పోయి ఉత్తచేతుల వచ్చినోన్ని కాదు నేను,
ఒక్క కోరుట్ల ఫైనల్ల తప్ప.
ఆ సంగతి ఆయనకు చెప్పలే.

ఐదుసార్లు స్టాంపు పడ్డది నా వీసాకు.
ప్రతిసారి రొమ్మును పలకకు ఆనించి ఊపిరి బిగపట్టుమంటరు,
ఎక్స్‌రే.
నేను లోపల్లోపల కబడ్డి కబడ్డి అనుకుంట నిలవడ్త.
ఆరోది ఈ రంజాన్ దాటినంక.

జనవరిల ఒకనాడు వైశాఖం అంగీ తొడుక్కోలేకపోయిండు.
చెయ్యి సగందాక లేచి నిలిచిపోయింది,
ఎవలో పిలిస్తే ఆగినట్టు.
నేను పట్టి తొడిగిన.
క్లబ్బోళ్లకు చెప్పకు అన్నడు.
సున్నం బండోని మాట క్లబ్బోళ్లు ఎప్పుడిన్నరు?

మార్చిల, లైట్లు ఆర్పినంక,
రా, నీ ఆట ఒక్కపారి అన్నడు.
నాకు నలభైమూడు. కడుపు ముందుకొచ్చింది.
అయినా చెప్పులిడిచిన.
గీత ముట్టి మొక్కిన, నేను గీసిన గీతనే.
కూత అందుకున్న.
నా ఊపిరిల నాకే సిమెంటు వాసనొచ్చింది.
కుడికి ఆశపెట్టి ఎడమకు తిరిగి భుజం తాకిన,
వెంటనే గుట్ట మీద పడ్డట్టయింది.
నడుం దొరకబట్టిండు.
గట్టి పట్టే, కానీ ఎడమ చెయ్యి ముడి పడలే.
అది నాకు తెలిసింది,
నాకు తెలిసిందని ఆయనకు తెలిసింది.
కూత ఇడువకుంట ఈడ్చుకుంట పోయిన. ఏలు చాపిన.

గీత అందిందా అంటే
చీకట్ల ఇద్దరం చెప్పలేం.
నా ఏలికి సున్నముంది, ఆయన మోచేతికీ ఉంది.
శానసేపు లేవలే ఎవలం.
క్వారీ దిక్కు లారీలు పోతనే ఉన్నయి.

తెల్లారి నాలుగున్నరకు
ఒక గీత మాత్రం మళ్ల గీయవలసొచ్చింది.