అర్జీ రాసేటోని అర్జీ

హన్మకొండ అదాలత్ సెంటర్ల కోర్టు గోడకు
నీలి కవరు కట్టుకొని కూసుంటున్న,
ఇరవై తొమ్మిదేండ్లాయె.
"గౌరవనీయులైన ఎస్సై గారికి" అని
ఎన్నివేలసార్లు రాసిన్నో
చెయ్యికే ఎరుక, నాకు యాదికి లేదు.

బర్రె తప్పిపోయినోడు నేను.
గెట్టు జరిగినోడు నేను.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి తూకం పోయినోడు నేను.
మొగడు కొట్టిన ఆడామె సుత నేనే,
కాయితం మీద.
అందరి "నేను" నా పెన్నుల్నించే దిగింది.
సంతకం రానోళ్లకు
బొటనేలు సిరా పుక్యానికి.

మొన్న బేస్తారం పొద్దుగాల
ఫోన్ల ఒకడు యూనిఫాం తొడుక్కొని కనవడ్డడు.
ఎనక గోడకు జెండా, ముందట ఫైళ్ల కుప్ప.
నా ఆధార్ నంబరు తప్పుపోకుంట సదివిండు.
"కొలిపాక ఓదెలు, నీ మీద వారంట్ ఉన్నది.
తలుపు పెట్టుకో. ఫోన్ కట్ చెయ్యకు.
ఇంట్లోళ్లకు చెప్పినవో, వాళ్లూ లోపటికే."
వారంట్ వచ్చింది, వాట్సాప్‌ల.

నిజం చెప్తున్న, నేను దాన్ని సక్కగనే చూసిన.
ముద్ర కొత్త రూపాయి బిళ్ల లెక్క
గుండ్రంగ, అంచు చెక్కుచెదరకుంట ఉన్నది.
కోర్టు ముద్ర ఎన్నడన్న గట్ల పడ్డదా?
ఒకదిక్కు సిరా ముద్ద, ఒకదిక్కు ఎండి తేలిపోయి,
గుమస్తా చెయ్యి అలిసిన సంగతి
అండ్లనే కనవడ్తది.
కన్ను పట్టుకున్నది.
గుండె ఇనలే.

మూడు గంటలు
నా అర్రకు నేనే ఖైదీ, నేనే తాళం.
కాజీపేట దిక్కు రైలు కూత రెండుసార్లు వినవడ్డది.
బాలమణి తలుపు కొట్టి
"చాయ్ చల్లారుతాంది" అన్నది.
ఆమెకు జవాబియ్యనియ్యలే వాడు.
చీటీ ఎత్తిన పైసలు, రెండు లచ్చల ఎనభై వేలు,
తనిఖీ చేసి తిరిగిస్తమంటే పంపిన.
"తిరిగి ఇస్తానని నమ్మబలికి"
ఎంతమంది అర్జీలల్ల రాసిన్నో ఆ ముక్క!

పక్కింటి పాలిటెక్నిక్ పోరడు
నా మొఖం చూసి ఏమడగలే.
ఫోన్ గుంజుకొని ఒకటి తొమ్మిది మూడు సున్నా కొట్టిండు.
అవతలామె ఎంత పోయిందని అడగలే,
"ఎన్ని గంటలకు పోయింది?" అన్నది ముందుగాల.
పైసలు పొలం నీళ్ల లెక్కనంట,
మడి నించి మడికి పారుతనే ఉంటయంట,
ఎవరన్న ఉరికి మడవ కట్టేదాంక.

ఠాణాల తెల్లకాయితం ముందటేసింది
కానిస్టేబుల్ బానోతు మౌనిక.
"నేను" అని రాసిన.
అంతే. పెన్ను కదల్లే.
సిగ్గువడకు, ఉన్నదున్నట్టు చెప్పు, తారీఖు చెప్పు అని
మందిని కసిరేటోన్ని.
నన్ను కసిరేటందుకు ఆడ ఎవ్వరు లేరు.

"బ్యాంకు మెసేజీలున్నయా కాకా?
వాడు చేసిన నంబరు చెరపకు.
ఆ వారంట్ సుత ఉండనియ్యి, అదే సాక్ష్యం."
"అది... ఉత్తదేనా బిడ్డా?" అడిగిన, ఇంకా.
ఆమె నవ్వలే. గది నాకు నచ్చింది.
"వారంట్‌కు కాళ్లుంటయి కాకా.
జడ్జి సంతకంతోని నీ వాకిట్లకు నడిచొస్తది.
ఫోన్ల అరెస్టు ఏ చట్టంల లేదు.
పైసలడిగే వారంట్ ఎక్కడన్న చూసినవా?"

చూడలే.
ఆ గోడకే ఈపు ఆనిచ్చి ఇన్నేండ్లు కూసున్న.
గోడ లోపటి ముచ్చట
నిన్నగాక మొన్న నౌకరెక్కిన పిల్ల చెప్పాలె.
ఎఫ్ఐఆర్ కాపీ చేతుల వెట్టింది.
ఎంతియ్యాలె అని జేబుల చెయ్యి వెట్టిన.
"పుక్యానికే" అన్నది.

లచ్చా పదారు వేలు ఏదో బ్యాంకుల ఆగినయంట.
మిగిలినయి ఎన్ని మళ్లు తిరిగినయో తెల్వదు.
ఆగినయి రావాల్నన్నా
కోర్టుల మల్లొక అర్జీ పెట్టాలెనంట.
"ఎవరితోని రాయిద్దాం?" అన్నది బాలమణి,
బేస్తారం సంది మొదటిసారి నవ్వుకుంట.

ఇయ్యాల నీలి కవరు కింద
కాయితం ముందటేసుకున్న.
పర్వతగిరి నించి ఒక అవ్వ వచ్చి నిలవడ్డది,
కొంగుల ఫోన్ మూటగట్టుకొని.
"జర ఆగు అవ్వా," అన్న,
"నీకంటె ముందు ఒకలున్నరు."