నోట్లో నాలుక

గ్రిమ్స్‌బీ గాలి చేపల వాసన మానేసి
చాలా ఏళ్ళయిందంటారు.
రాత్రి డ్యూటీకి బస్సు దిగగానే
నా కోటు కాలర్లోకి మాత్రం అదే వచ్చి దూరుతుంది.

ఆ రాత్రి సిస్టర్ గ్లెనిస్‌కి జ్వరం.
మూడో అంతస్తు తాళాల గుత్తి
నా చేతిలో పెట్టేసింది పగటి సిస్టర్.
"ఇరవై నాలుగు మంచాలు. ఇంకో నర్సు, ఇద్దరు సహాయకులు, ఒక స్టూడెంటు.
ఇవాళ నువ్వే ఇన్‌ఛార్జి, సలోమీ."
అంతే. పట్టాభిషేకం అయిపోయింది.

మా ఏలూరులో నాయకత్వం అంటే
ఫ్లెక్సీ మీద నల్ల కళ్ళద్దాలు, జోడించిన చేతులు.
ఇక్కడది ఏడు తాళంచెవులు.
జేబులో వేసుకుంటే యూనిఫాం ఒక పక్కకి లాగేస్తుంది.

నర్సింగ్ స్కూల్లో మేట్రన్ నన్ను చూపించి చెప్పేది:
"ఈ పిల్లకి నోట్లో నాలుక లేదు. బంగారం."
ఆ మెప్పుని పదకొండేళ్ళు
ఇస్త్రీ చేసి మరీ తొడుక్కున్నాను.
తలూపడంలో నాకు డిస్టింక్షన్.

మొదట్లో అన్నీ నేనే చేశాను.
డ్రిప్ మార్చాను, బెడ్‌పాన్ మోశాను,
ఎవరికీ పని చెప్పలేక.
ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న సహాయకుడు కర్టిస్
తలుపు దగ్గర చేతులు కట్టుకుని చూసి చూసి అన్నాడు:
"నాకు పని చెప్పకపోతే
నన్ను నమ్మట్లేదనుకుంటాను."
నేను దాన్ని మర్యాద అనుకున్నాను.

రెండున్నరకి స్టూడెంటు వచ్చింది, టిల్లీ,
పంతొమ్మిదేళ్ళు, గోళ్ళు కొరుక్కుంటూ.
"పద్నాలుగో మంచం బ్లైత్ గారు... ఎందుకో బాలేరు."
బీపీ? బానే ఉంది.
పల్స్? కాస్త ఎక్కువ.
జ్వరం? లేదు.
మరి?
"జోకులు వేయడం మానేశారు."

నవ్వొచ్చింది. చార్టులో జోకులకి గడి లేదు.
"అరగంట ఆగి మళ్ళీ చూడు" అన్నాను
మా మేట్రన్ గొంతుతో.
ఆవిడ నాలోనే కాపురం పెట్టిందని
అప్పుడే తెలిసింది.

ఇరవై నిమిషాలు. తర్వాత లెక్కపెట్టాను.
మందుల గదికి తాళం వేస్తూ వేస్తూ
చెయ్యి ఆగిపోయింది.
ఆ పిల్ల పద్నాలుగో మంచం నుంచి నా దాకా
ఎంత దూరం నడిచి వచ్చిందో
నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

వెళ్ళాను.
ట్రాలర్ల మీద నలభై ఏళ్ళు వలలు లాగిన చేతులు
దుప్పటి అంచుని ఊరికే లాగుతున్నాయి.
పాదాలు చల్లగా, మోకాళ్ళ మీద నీలి మరకలు.
పేరడిగితే పడవ పేరు చెప్పాడు.

ఫోన్లో కుర్ర డాక్టరు, సగం నిద్రలో:
"నంబర్లు బాగానే ఉన్నాయిగా. తెల్లారాక చూస్తాను."
నాలుక కోసం వెతుక్కున్నాను.
పళ్ళ వెనకే ఉంది పాపం, ఇన్నేళ్ళూ.
"మీ అభిప్రాయం అడగట్లేదు డాక్టర్, రమ్మంటున్నాను.
పది నిమిషాల్లో రాకపోతే మీ పైవాళ్ళని లేపుతాను."
మాట వణికింది.
వెనక్కి మాత్రం రాలేదు.

వచ్చాడు. చూశాడు. సెప్సిస్.
ఇక ఎవరూ నడవలేదు.
"కర్టిస్, పరిగెత్తు" అన్నాను.
యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో, నవ్వుతూ పరిగెత్తాడు.
"టిల్లీ, చెయ్యి పట్టుకో. ఆ పడవ గురించి అడుగుతూ ఉండు."

ఏడున్నరకి హ్యాండోవర్.
కాగితం మీద రాసుకోనిది ముందు చెప్పాను:
"కనిపెట్టింది టిల్లీ.
ఇరవై నిమిషాలు ఆలస్యం చేసింది నేను."
గదిలో ఒక్క టీ కప్పూ కదల్లేదు.
రాత్రి పది మందికి పని చెప్పడం కంటే
ఈ రెండు ముక్కలూ బరువుగా ఉన్నాయి.
టిల్లీ నోట్లోంచి వేలు తీసి
నా వైపు చూసింది.

తాళాలు అప్పగించి బస్సెక్కాను.
జేబు ఖాళీ. భుజం ఇంకా ఒక పక్కకే వంగి ఉంది.
బ్లైత్ బతుకుతాడో లేదో ఎవరూ చెప్పలేదు.
కిటికీ అవతల రేవు మీద
సీగల్స్ గొంతులు చించుకుంటున్నాయి,
ఒక్కదానికీ ఊరుకోవడం రాదు.
వాటినెవరూ బంగారం అనరు.